సైకిల్‌కు స్టిక్కర్ అంటించడం: అపోహలు - వాస్తవాలు

నల్లగొండలో పాత సైకిళ్లకు రంగు వేసి, స్టిక్కర్లు అంటించి ఇవ్వడం నా పని. రంగు ఎంత బాగా కుదిరినా, రాడ్డు మీద పేరు వంకరగా ఉంటే చూసేవాళ్ల కన్ను ముందు అక్కడికే పోతుంది. ఇంట్లో అంటించుకుని, పాడయ్యాక నా దగ్గరికి తెచ్చేవాళ్లు చాలామంది. వాళ్ల నోట ఎక్కువగా వినే మాటలు ఇవి.

అపోహ: తడి తగిలితే గమ్ పోతుంది, పొడిగానే అంటించాలి.

వాస్తవం: వినైల్ (పలచటి ప్లాస్టిక్) స్టిక్కర్ గమ్ నీళ్లకు కరగదు. మన దగ్గర ఈ స్టిక్కర్‌నే రేడియం అంటారు, అందులో రేడియం ఏమీ ఉండదు. అర లీటరు నీళ్లలో గిన్నెలు తోమే లిక్విడ్ రెండు మూడు చుక్కలు కలిపి ఫ్రేమ్ మీద స్ప్రే చేయండి. అప్పుడు స్టిక్కర్ జారుతుంది, కుదిరేదాకా జరుపుకోవచ్చు. పొడిగా అంటిస్తే మొదట ఎక్కడ తగిలితే అక్కడే పట్టేస్తుంది. కుదిరాక పాత ఏటీఎం కార్డుకు మెత్తటి గుడ్డ చుట్టి, మధ్యలో నుంచి అంచులకు నీళ్లు నెట్టాలి. మా వైపు బోరు నీళ్లు ఆరితే తెల్లటి మరకలు పడతాయి, అందుకే నేను తాగే క్యాన్ నీళ్లే వాడతాను.

విడి అక్షరాలైతే పైన వాటిని వరుసలో పట్టి ఉంచే ట్రాన్స్‌ఫర్ పేపర్ ఉంటుంది. నీళ్లు నెట్టగానే దాన్ని లాగేయొద్దు. గంటసేపు ఆగి, వెనక్కి మడిచి మెల్లగా తీయండి. అక్షరం దాంతో పాటు లేస్తే మళ్లీ నొక్కి, ఇంకాసేపు ఆగాలి. కాగితం స్టిక్కర్లకు మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, అవి నానిపోతాయి.

అపోహ: ఎండలో అంటిస్తే గట్టిగా పట్టుకుంటుంది.

వాస్తవం: కొంచెం వెచ్చదనం మంచిదే, మే నెల మధ్యాహ్నం కాదు. పని నేర్చుకునే రోజుల్లో ఒక అమ్మాయి సైకిల్‌ను షాపు బయట ఎండలో పెట్టి పేరు అంటించాను. కాలిన ఇనుము మీద గమ్ తగలగానే పట్టేసింది, సరిచేద్దామని లాగితే అక్షరాలు సాగిపోయాయి. ఆ అమ్మాయి ముఖం చిన్నబోవడం ఇప్పటికీ నాకు గుర్తుంది. అప్పటి నుంచి ఈ పని పొద్దున్నే, నీడలోనే చేస్తున్నాను. చలికాలం వినైల్ బిరుసుగా ఉంటే హెయిర్ డ్రయ్యర్ దూరంగా పట్టి కొద్దిగా వెచ్చబెడితే చాలు.

అపోహ: పెట్రోల్‌తో తుడిస్తే ఫ్రేమ్ శుభ్రం.

వాస్తవం: జిడ్డు పొర మిగిలిపోవచ్చు, దాని మీద గమ్ నిలవదు. సబ్బుతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవండి, అదీ ముందు కనపడని చోట పరీక్షించాకే. థిన్నర్ జోలికి వెళ్లొద్దు, రంగే లేచిపోతుంది.

అపోహ: రంగు చేతికి అంటకపోతే ఆరినట్టే.

వాస్తవం: పైన ఆరినా లోపల థిన్నర్ ఆవిరి ఇంకా బయటికి వస్తూ ఉంటుంది. తొందరపడి అంటిస్తే కొన్ని రోజులకు బుడగలు లేస్తాయి. ఎనామిల్ అయితే నేను కనీసం వారం ఆగుతాను. చిన్న బుడగ వస్తే అంచున సన్నటి సూదితో పొడిచి, రంధ్రం వైపు గాలి నెట్టండి.

అపోహ: పేరు రెండు వైపులా హ్యాండిల్ దగ్గరే మొదలవ్వాలి.

వాస్తవం: హ్యాండిల్ కింద నుంచి పెడల్ దాకా వాలుగా దిగే రాడ్డును చూడండి. చైన్ ఉన్న వైపు నిలబడి సైకిల్‌ను చూస్తే ఎడమ చేతి దిక్కున ఉండేది పెడల్. అందుకే అటువైపు మొదటి అక్షరం పెడల్ దగ్గర, రెండో వైపు హ్యాండిల్ దగ్గర రావాలి. రెండు వైపులా హ్యాండిల్ దగ్గరే మొదలుపెడితే ఒకవైపు పేరు తలకిందులవుతుంది. ఎత్తు సమంగా రావడానికి రాడ్డు చుట్టూ కాగితం పట్టీ చుట్టి, కొలత కత్తిరించి, సగానికి మడిచి గుర్తులు పెట్టుకుంటాను. ఆ గుర్తుల వెంట మాస్కింగ్ టేప్ వేసి, నాలుగడుగులు వెనక్కి వచ్చి చూశాకే స్టిక్కర్ వెనక కాగితం తీస్తాను.