నీళ్లకు బీరు వేషం

క్యాన్‌లో నీళ్లు కొత్త సరుకేమీ కాదు. అమెరికాలో బీరు కంపెనీ ఆన్‌హైజర్-బుష్ 1988 నుంచే తుఫాను, వరద బాధితులకు క్యాన్లలో మంచినీళ్లు నింపి పంపుతోంది. అవి సాదాసీదా డబ్బాలు. ప్రాణం మీదికొస్తే తాగుతారు తప్ప చేత్తో పట్టుకుని ఫొటో దిగాలని ఎవరికీ అనిపించదు.

మార్కెట్‌ను ఏలింది మాత్రం ప్లాస్టిక్ సీసానే. 1973లో డ్యూపాంట్ అనే రసాయనాల కంపెనీ ఇంజినీరు నథానియల్ వైయెత్ పెట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన సీసాకు పేటెంట్ పొందాడు. తేలిక, పగలదు, మూత బిగించి బ్యాగులో పడేయొచ్చు. 2016కల్లా అమెరికాలో సీసా నీళ్ల అమ్మకాలు లీటర్ల లెక్కన కూల్‌డ్రింకులను దాటేశాయి. చెత్త కూడా దాంతోపాటే పెరిగింది.

సరిగ్గా ఇక్కడే మైక్ సెస్సారియో అనే యాడ్ మనిషి దిగాడు. వార్ప్‌డ్ టూర్ రాక్ కచేరీల్లో బ్యాండు వాళ్లు స్పాన్సరు ఎనర్జీ డ్రింక్ క్యాన్లలో తాగుతున్నవి ఉత్త నీళ్లేనని గమనించాడు. 2018లో, సరుకు తయారు కాకముందే, ‘లిక్విడ్ డెత్’ అనే క్యాన్ నీళ్ల పేరుతో వీడియో వదిలాడు. 2019లో అమ్మకం మొదలైంది. పొడుగాటి బీరు డబ్బా, దాని మీద పుర్రె, ‘దాహాన్ని హత్య చేయండి’ అనే కేక. 2024కి కంపెనీ విలువ 140 కోట్ల డాలర్లు! లోపలున్నది నీళ్లే, అమ్ముడుపోయింది డబ్బా. పార్టీలో మందు ముట్టనివాడు ఇది పట్టుకుంటే ‘ఏం, తాగవా?’ అని ఎవరూ అడగరు. ఈ ఒక్క లాభం మాత్రం నిజం.

‘ప్లాస్టిక్‌కు చావు’ అన్న రెండో నినాదం దగ్గరే పేచీ. పాత క్యాన్‌ను కరిగించి వాడితే, కొత్త అల్యూమినియం తీయడానికయ్యే ఇంధన శక్తిలో దాదాపు 95 శాతం మిగులుతుంది. చెత్తకుప్పలో పడితే మళ్లీ అల్యూమినియం ఖనిజం బాక్సైట్ తవ్వాల్సిందే, దాన్ని శుద్ధి చేస్తే మిగిలే ఎర్ర బురద పోగు పడాల్సిందే. పైగా ఆ కంపెనీ మొదట్లో నీళ్లను ఆస్ట్రియాలో నింపి సముద్రం దాటించేది. డబ్బా ఒకసారి తెరిస్తే మూత పెట్టడం కూడా కుదరదు.

ఇంకో సంగతి. క్యాన్ లోహాన్ని రసాయనంతో కరిగించేస్తే, డబ్బా ఆకారంలోనే నీళ్లు పట్టుకుని ఒక పల్చటి సంచి మిగులుతుంది. లోపలి పూత అది. ప్లాస్టిక్కే.