పత్తి కట్టెలోని చక్కెర

నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద యాసంగి కోతలు ముగిసేసరికి హార్వెస్టర్ వదిలిన గడ్డి, కొయ్యకాళ్లు మళ్లలోనే ఉండిపోతాయి. మహబూబ్‌నగర్ చెలకల్లోనైతే చివరి పత్తి ఏరాక కట్టెను పీకి, గట్టు పక్కన కుప్ప వేసి నిప్పు పెట్టడం మామూలే. ఆ గడ్డిలోనూ కట్టెలోనూ సుమారు మూడో వంతు సెల్యులోజు, అంటే వేల గ్లూకోజు అణువుల గొలుసు. అన్నంలోని పిండిపదార్థం కూడా గ్లూకోజు గొలుసే. అయితే దాని లంకెను మన లాలాజలమే తెంచగలదు, సెల్యులోజు లంకెను తెంచే ఎంజైము మన ఒంట్లో లేదు. ఆ లంకెను బయట తెంచగలిగితే, వచ్చిన గ్లూకోజును పులియబెట్టి ఇంధనంగా వాడే ఇథనాల్ అనే ఆల్కహాలు తీయవచ్చు.

వంద కిలోల సెల్యులోజు పూర్తిగా విడిపోతే, నీరు కూడా వచ్చి చేరుతుంది కనుక, 111 కిలోల గ్లూకోజు రావాలి. చిక్కల్లా ఆ పోగులను హెమిసెల్యులోజు, లిగ్నిన్ అనే మరో రెండు పదార్థాలు గట్టిగా పట్టి ఉంచడమే. అందుకే తరిగిన కట్టెను పలుచటి సల్ఫ్యూరిక్ ఆమ్లంతో తడిపి, 160 నుంచి 200 డిగ్రీల ఆవిరిలో కొన్ని నిమిషాలు ఉడికించి, ఒత్తిడిని ఒక్కసారిగా వదులుతారు. పీచు పగిలి ముదురు గోధుమరంగు గుజ్జు బయటికి వస్తుంది. వేడి మితిమీరితే హెమిసెల్యులోజు నుంచి వచ్చిన జైలోజు అనే చక్కెర ఫర్‌ఫ్యూరాల్ అనే హానికర పదార్థంగా మారి, తర్వాత చక్కెరను పులియబెట్టే ఈస్టును దెబ్బతీస్తుంది, చాలకపోతే ఎంజైములకు దారి దొరకదు. నా దృష్టిలో ఈ పరిశ్రమ నేర్పంతా ఈ ఒక్క మెట్టులోనే ఉంది.

ఆ ఎంజైములను ఎక్కువగా ట్రైకోడెర్మా రీసై అనే బూజు నుంచి తీస్తారు. రెండో ప్రపంచ యుద్ధకాలంలో సోలమన్ దీవుల్లో అమెరికా సైన్యపు నూలు గుడారాలు చివికిపోతుంటే, కారణం వెతికిన శాస్త్రవేత్తలకు దొరికిందిది. (గేదె కడుపులోని సూక్ష్మజీవులు ఈ పనిని ఆమ్లం లేకుండా 39 డిగ్రీల దగ్గరే చేస్తాయి, కానీ వచ్చిన చక్కెరను అవే వాడేసుకుంటాయి.) గ్లూకోజును మామూలు ఈస్టు పులియబెడుతుంది, జైలోజును అది ముట్టదు కనుక, అందుకు జన్యువులు మార్చిన ఈస్టు కావాలి. మిగిలిన లిగ్నిన్ బాయిలర్‌కు ఇంధనమవుతుంది.

హర్యానాలోని పానిపట్‌లో 2022 ఆగస్టులో ప్రారంభమైన కర్మాగారాన్ని ఏటా 2 లక్షల టన్నుల వరిగడ్డితో 3 కోట్ల లీటర్ల ఇథనాల్ తీసేలా కట్టారు. తెలంగాణలో మాత్రం గడ్డి తినడానికి పశువులున్నాయి, పైగా అందులోని ఇసుకలాంటి సిలికా యంత్రాల పళ్లను అరగదీస్తుంది. పత్తి కట్టెలో లిగ్నిన్ ఎక్కువ, దాన్ని ఉడికించడం కష్టం. అయినా దక్షిణ తెలంగాణకు నేను దానివైపే మొగ్గుతాను. గులాబీ రంగు పురుగు మరుసటి పంటకు పాకకుండా చివరి ఏరుడు కాగానే కట్టెను చేలోంచి తీసేయాలని వ్యవసాయాధికారులు ఎలాగూ చెబుతూనే ఉన్నారు. కొనేవాడుంటే రైతు ఆ పనిని కూలి ఖర్చుకు వెనకాడకుండా సమయానికి చేస్తాడు.