స్లష్ తాగితే వడదెబ్బ తగలదా? అపోహలు - వాస్తవాలు

"స్లష్ తాగేశాను సార్, ఇక ఎండతో పని లేదు." వేసవి పోటీల్లో స్టార్ట్ లైన్ పక్కన నిలబడితే ఈ మాట చెవిన పడకుండా ఉండదు. అన్నవాడు అంతటితో ఆగడు, మొదటి కిలోమీటరే మామూలు కంటే గట్టిగా లాగుతాడు. పోటీల్లో క్రీడాకారుల ఒంటి వేడి చూసుకోవడం నా పని. ఆ స్లష్, అంటే నూరిన ఐసు, నీళ్లు కలిపిన చల్లటి పానీయం, ఇచ్చేది కూడా చాలాసార్లు నేనే, పనిచేస్తుందని నమ్మే ఇస్తాను. అందుకే ఈ ధీమా చూస్తే ఒళ్లు మండుతుంది.

అపోహ: ముందే లోపల చల్లబరిస్తే రేసంతా కాపాడుతుంది.

వాస్తవం కావాలంటే కాస్త లెక్క చూడాలి. 70 కిలోల మనిషి 5 నిమిషాలకో కిలోమీటరు చొప్పున పరిగెడుతుంటే, ఖర్చయ్యే శక్తిలో ముప్పాతిక వంతుకు పైగా వేడిగానే మారుతుంది. అంటే నిమిషానికి సుమారు 45 కిలోజౌల్స్. సగం ఐసు, సగం నీళ్లు ఉన్న అర లీటరు స్లష్ కరిగి ఒంటి వేడికి చేరేలోపు పీల్చుకునేది 160 కిలోజౌల్స్ చిల్లర. భాగించి చూడండి, మూడున్నర నిమిషాల పరుగుకు సరిపోతుంది. అంతే.

మరి ఎందుకు ఇస్తున్నావంటారా? లోపలి ఉష్ణోగ్రత కాస్త తక్కువగా ఉండగా మొదలుపెడితే, పైకి ఎక్కడానికి ఆ మేరకు చోటు దొరుకుతుంది. 34 డిగ్రీల గదిలో చేసిన ఒక పేరున్న పరీక్ష ఉంది. పరుగుకు ముందు కిలో బరువుకు 7.5 గ్రాముల చొప్పున స్లష్ తాగినవాళ్లు సగటున 50 నిమిషాలు పరిగెత్తగలిగారు. అంతే మోతాదులో 4 డిగ్రీల చల్లనీళ్లు తాగినప్పుడు 41 నిమిషాల దగ్గరే ఆగిపోయారు. ఈ ముక్క అందరికీ తెలుసు, అందరూ చెబుతారు. చెప్పనిది రెండో ముక్క: ఆగిపోయే సమయానికి స్లష్ తాగినప్పుడే లోపలి ఉష్ణోగ్రత 0.3 డిగ్రీలు ఎక్కువగా ఉంది. అంటే స్లష్ మనల్ని ఇంకా వేడెక్కేదాకా పరిగెత్తనిచ్చింది. మంచి టైమ్ కోసం ఇది వరమే. దీన్ని రక్షణ అనుకున్నారా, కొంప మునుగుతుంది.

ఒకసారి ఫినిష్ లైన్ దాటిన కుర్రాడొకడు కాళ్లు తడబడుతూ గోడకు చేరబడ్డాడు. స్నేహితులిద్దరు స్లష్ కప్పు మూతికి ఆనించి "తాగరా, తాగితే సర్దుకుంటుంది" అంటున్నారు. సగం గడ్డం మీదుగా కారిపోతోంది. అంతకుముందే ఎవరో నోట్లో థర్మామీటర్ పెట్టి చూసి, టెంపరేచర్ నార్మలే అని తేల్చేశారు. స్లష్ తాగిన నోరు నార్మల్ చూపించక ఏం చూపిస్తుంది! ఈ ఊరు ఏదని అడిగితే తన బిబ్ నంబర్ (ఛాతీ మీద ఉండే పోటీ నంబర్) చెప్పాడు, అదీ తప్పే. రెక్టల్ థర్మామీటర్ (మలద్వారంలో పెట్టి లోపలి వేడి చూసేది) పెడితే 41 దాటింది. ఐసునీళ్ల టబ్బులో మెడ దాకా దించాం. కాసేపటికి మమ్మల్ని తిట్టడం మొదలుపెట్టాడు, అప్పుడు నా టెన్షన్ తగ్గింది.

లోపలి ఉష్ణోగ్రత 40 దాటి, మాట తేడాగా వస్తోందంటే అది వడదెబ్బే. స్పృహ సరిగ్గా లేని మనిషి నోట్లో ఏదీ పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. పోసినా ఆ కాసింత చలవ ఏ మూలకూ రాదు. టబ్బులో ముంచాలి. టబ్బు లేకపోతే ఒళ్లంతా చల్లటి నీళ్లు పోస్తూనే ఉండాలి. అంబులెన్స్‌కు ఫోన్ వెంటనే చేయండి, కానీ టబ్బూ మనిషిని చూసుకునేవాళ్లూ ఉన్నచోట ముందు చల్లబరచడం, తర్వాతే తరలించడం. మొదటి అరగంట చేజారితే అవయవాలు దెబ్బతింటాయి.

"కానీ సార్, వాడు నీళ్లు బాగానే తాగాడు" అంటారు. తాగే ఉంటాడు. గట్టిగా పరిగెత్తేవాడికి 10కె (10 కిలోమీటర్ల పరుగు) లోనే, ఒంట్లో నీళ్లు తగ్గకముందే వడదెబ్బ రావచ్చు. పుట్టే వేడి బయటికి పోయే వేడిని మించిపోతే చాలు.

రేసు మధ్యలో స్లష్ సంగతి ఇంకాస్త చిక్కు. కడుపులో చలిని పసిగట్టే నాడులు ఉన్నాయి, అవి చెమటను తగ్గించేస్తాయి. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే 2400 కిలోజౌల్స్ వేడిని పట్టుకుపోతుంది. పొడి గాలిలో ఆ చెమట తగ్గిపోతే స్లష్ వల్ల వచ్చిన చలవ అక్కడికక్కడే చెల్లు. ఉక్కపోతలో చెమట ఎలాగూ ఆవిరి కాకుండా కారిపోతుంది కాబట్టి అక్కడ లాభమే.

మిగతావి గబగబా. మెంథాల్‌తో పుక్కిలిస్తే చల్లగా అనిపిస్తుంది, ఒంటి వేడి మాత్రం తగ్గదు. స్ప్రింటర్లకు ఈ చల్లబరచడాలు వద్దు, వాళ్ల కండరాలు వేడిగానే ఉండాలి. ఎన్ని నీళ్లు తాగితే అంత మంచిది అనేది పచ్చి అబద్ధం: 2002 బోస్టన్ మారథాన్‌లో పరీక్షించిన 488 మందిలో 13 శాతం మందికి రక్తంలో సోడియం (ఉప్పు) పడిపోయి ఉంది, నీళ్లు మరీ ఎక్కువ తాగితే జరిగేది ఇదే.

"చెమట మీద ఐసు తాగితే గుండె పట్టేస్తుందట కదా సార్" అని తల్లులు భయంభయంగా అడుగుతారు. వాళ్లను చూసి నవ్వబుద్ధి కాదు, ఎవరో ఫోన్‌లో పంపినది చదివి రాత్రంతా నిద్రపోయి ఉండరు. ఆరోగ్యంగా ఉన్న పిల్లలకు అలా ఏమీ కాదమ్మా. చల్లటిది తాగగానే గుండె దడ మొదలయ్యేవాళ్లు కొందరు ఉంటారు, వాళ్లు మాత్రం డాక్టర్‌కి చూపించుకోవాలి.

తాగేవాళ్లు స్టార్ట్‌కు అరగంట ముందు నుంచి కొద్దికొద్దిగా తాగండి. గటగటా లాగితే నుదురు పగిలిపోయే నొప్పి, ఆపై కడుపు బరువు. ప్రాక్టీసులో ఒక్కసారీ ప్రయత్నించనిది రేసు రోజు ముట్టుకోవద్దు. స్లష్ కంటే ముందు 10 నుంచి 14 రోజులు వేడిలో ప్రాక్టీస్ చేసి ఒంటికి అలవాటు చేశారా లేదా అని నేను అడుగుతాను. చేయలేదని చెబితే, కప్పు ఇచ్చేముందు పేస్ తగ్గించుకోమంటాను.