తుక్కులో రేటు లేనివే రేపు దొరకనివి

మా నాన్నగారి ఫియట్‌కి (ప్రీమియర్ పద్మినే, కానీ మా వీధిలో ఎవరూ ఆ పేరుతో పిలవలేదు) ఎడమవైపు ముందు తలుపులో ఉండే మూడుమూలల చిన్న తిప్పుడు అద్దం పగిలింది. దానికోసం విజయవాడ ఆటోనగర్‌లో రెండు రోజులు తిరిగాను. మూడో రోజు పాత సామాన్ల షాపు పెద్దాయన ఒకరు అసలు సంగతి చెప్పారు: "అబ్బాయ్, అవి మొన్నమొన్నటిదాకా ఈ మూలనే ఉండేవి. ఇనుముకి రేటుంది, అల్యూమినియానికి రేటుంది, రాగి సంగతి చెప్పక్కర్లేదు. గాజునెవడు తూస్తాడు? చోటు చాలక పగలగొట్టి పారబోశాం."

ఇందులో ఆయన తప్పేమీ లేదు. పాత కార్ల సామాను దాచే అలవాటు మనకి ఎందుకు లేకుండా పోయిందో తెలియాలంటే 1950ల దాకా వెళ్లాలి.

బయటి దేశాల నుంచి విడిభాగాలు తెచ్చి ఇక్కడ బిగించి అమ్మడం కుదరదు, దశలవారీగా ఇక్కడే తయారు చేయాలి అని 1953లో కేంద్రం తేల్చి చెప్పింది. జనరల్ మోటార్స్, ఫోర్డ్ వెళ్లిపోయాయి. కార్లలో చివరికి మిగిలింది ముగ్గురు: కలకత్తా దగ్గర ఉత్తర్‌పారాలో హిందుస్థాన్ మోటార్స్, బొంబాయిలో ప్రీమియర్, మద్రాసులో స్టాండర్డ్. పోటీ లేదు, కొనేవాళ్లు ఏళ్ల తరబడి క్యూలో ఉన్నారు, ఇక మోడల్ మార్చాల్సిన అవసరం ఎవరికుంటుంది? అంబాసిడర్ 1958లో వచ్చి 2014 దాకా దాదాపు అదే ఒళ్లుతో నడిచింది. సామాను ఊరూరా దొరికేది. దొరికేదాన్ని ఎవరు దాస్తారు?

దానికి తోడు మనకి ఆటోనగర్ ఉంది. 1966లో మొదలైన ఈ పేట లారీలతో పెరిగింది. బాడీ కట్టడం దగ్గర్నుంచి లేత్ (లోహపు ముక్కని తిప్పుతూ చెక్కే యంత్రం) పని దాకా అన్నీ అక్కడే. ఏది లేకపోయినా చేసి ఇచ్చేవాళ్లున్నారన్న ధైర్యం మన కృష్ణా, గుంటూరు వాళ్లది. బుష్షులు, పిన్నులు, షాఫ్టుల వరకూ ఆ ధైర్యం నిజమే, ఇప్పటికీ నిజమే. కానీ లేత్ మీద అద్దం రాదు. వెనక లైటు ఎర్ర లెన్సు రాదు. మీటరు డయల్ రాదు. పోతపోసిన తలుపు హ్యాండిల్‌కి లోపల్నుంచి పొక్కులొస్తే పైన ఎంత క్రోమ్ వేయించినా నిలవదు. స్టాండర్డ్ హెరాల్డ్ అయితే ఇంకా కష్టం, దాని బానెట్టూ ముందు మడ్‌గార్డులూ కలిపి ఒకే ముక్క, ముందుకి లేస్తుంది, అది నలిగి తుక్కుకి పోయిందంటే బండికి ముఖమే లేనట్టు.

1983 డిసెంబరులో మారుతి 800 వచ్చాక కథ మారింది. 1980లు దాటకుండానే స్టాండర్డ్ కార్ల తయారీ ఆగింది, కొత్త శతాబ్దం మొదట్లో పద్మిని ఆగింది, 2014లో అంబాసిడరూ మారుతి 800 రెండూ ఆగిపోయాయి. ఆగిన ప్రతిసారీ పాత బళ్లు కిలోల లెక్కన కటింగ్‌కి, అంటే తుక్కుగా కోయడానికి, వెళ్లాయి. 2021లో పాత బళ్లని తుక్కు చేయించే ప్రభుత్వ విధానం కూడా వచ్చింది. కాలం చెల్లిన బళ్లు రోడ్డు మీద పొగ కక్కుతూ తిరగాలని నేనూ కోరుకోను, నా బాధ కోసేముందు తీయాల్సినవి తీయకపోవడం గురించే.

అదే ఏడాది కేంద్రం వింటేజ్ బళ్లకి వేరే రిజిస్ట్రేషన్ తెచ్చింది. యాభై ఏళ్లు దాటి ఉండాలి, అసలు రూపంలోనే ఉండాలి, పెద్ద మార్పులు చేసి ఉండకూడదు, ఫీజు 20,000 రూపాయలు. అసలు రూపం అన్నారంటే అసలు సామాను కావాలనేగా. పద్మిని పేరుతో 1974లో వచ్చిన బళ్లకి ఇప్పటికే యాభై నిండాయి. మొదటి మారుతులకి 2033లో నిండుతాయి. చాలామందికి తెలియనిదేంటంటే, 1986లో మారుతి బాడీ మొత్తం మారింది, కాబట్టి ఆ మొదటి మూడేళ్ల బండి అద్దాలూ లైట్లూ తర్వాతి 800వి తెచ్చి పెడితే సరిపోవు. ఆ పాతవి ఇప్పుడు పోతే పోయినట్టే.

దాచేవాళ్లకి నాకు తెలిసినంత చెబుతాను. అద్దాలు పడుకోబెట్టొద్దు, మధ్యలో పేపరు పెట్టి నిలబెట్టండి. కార్బురేటర్‌లో పెట్రోలు చుక్క లేకుండా ఆరబెట్టి, నూనె రాసి కవర్లో కట్టండి, మన ఉక్కకి తుప్పు ఊరికే పట్టదు, పరిగెత్తుకొస్తుంది. రబ్బరు బీడింగ్ గట్టిపడి వాడకానికి పనికిరాకపోయినా పారేయొద్దు, జానెడు ముక్క నమూనాగా ఉంటే కొత్తది చేయించుకోవచ్చు. అన్నిటికంటే ముఖ్యం చీటీ. ఏ మోడల్, ఏ సంవత్సరం, ఎడమా కుడా అన్నది రాయకపోతే పదేళ్ల తర్వాత తీసేవాడికి అది తుక్కే.

ఆ పెద్దాయన మొన్న ఫోన్ చేశారు. 1985 మారుతి ఒకటి కటింగ్‌కి వచ్చిందట, వెనక లైట్లు రెండూ పగలకుండా ఉన్నాయట, ఆదివారం దాకా ఆపుతానన్నారు. చీటీలు రాసి పెట్టుకున్నాను.