"ఆ ఘాటుకే తాగరు" అనుకోకండి: ఇంట్లో పిల్లలు, ప్రమాదకరమైన వస్తువులు, అపోహలు - వాస్తవాలు

విశాఖపట్నం ఎంవీపీ కాలనీలో మా ఇంట్లోనే క్రెష్ నడుపుతున్నాను. పిల్లల్ని చేర్చడానికి వచ్చేవాళ్ళ దగ్గర నేను పదే పదే వినే మాట ఇది.

అపోహ: "ఫినాయిల్, యాసిడ్ ఘాటుకి పిల్లలు దగ్గరికే రారండీ."

వస్తారు. రెండేళ్ళ పిల్లలు వాసన చూసి ఆగరు, బాటిల్ ఆకారం చూసి ఎత్తేస్తారు. సీతమ్మధారలో ఓ పాప వాళ్ళింటికి వెళ్ళినప్పుడు సింక్ కింద పెద్ద కూల్‌డ్రింక్ బాటిల్ ఉంది, దాని చుట్టూ కాగితం కూడా తియ్యలేదు, లోపల సగం దాకా ఫినాయిల్, చూస్తే అచ్చం పాలే. మేం మాట్లాడుతుండగానే పాప దాన్ని రెండు చేతులతో మోసుకొచ్చి "జూచ్" అని నా ఒళ్ళో పెట్టింది. మూత బిగుతుగా ఉండబట్టి సరిపోయింది. వాళ్ళ అమ్మమ్మగారు వణికిపోయారు పాపం. ఆవిణ్ణి ఏమనగలం, వీధిలోకి బండి వస్తుంది, ఖాళీ బాటిల్ ఇస్తే నింపేస్తారు, చాలా ఇళ్ళలో ఇదే పద్ధతి. దయచేసి ఇది మాత్రం మానెయ్యండి. తినే, తాగే వాటి డబ్బాల్లో ఇవేవీ పోయొద్దు. కంపెనీ బాటిల్లోనే, తాళం వేసిన అల్మరాలో ఉంచండి. యాసిడ్ ఒక్క గుక్క చాలు, అన్నవాహిక కాలిపోయి తర్వాత సన్నబడిపోవచ్చు.

అపోహ: "ఉప్పునీళ్ళు పట్టి కక్కిస్తే పోతుంది."

ఈ మాట ఎవరు పుట్టించారో గానీ వినొద్దు. కక్కిస్తే యాసిడ్ గొంతుని రెండోసారి కాలుస్తుంది, కిరోసిన్ అయితే ఊపిరితిత్తుల్లోకి పోతుంది. 108కి ఫోన్ చేసి, కేజీహెచ్‌కో (విశాఖలోని ప్రభుత్వ పెద్దాసుపత్రి) దగ్గర్లోని మరో పెద్దాసుపత్రికో వెళ్ళండి, ఆ బాటిల్ కూడా పట్టుకెళ్ళండి.

"పైన పెట్టాం కదా" అంటారు. కుర్చీ లాక్కుని ఎక్కడం వాళ్ళకి క్షణం పని. ఎత్తు ఒక్కటే చాలదు, తాళం కావాలి.

"కర్పూరం దేవుడి సామాను, ఏం చేస్తుంది" అనీ అంటారు. కొంచెం మింగినా పసివాళ్ళకి ఫిట్స్ రావచ్చు. రిమోట్లో, బొమ్మల్లో ఉండే గుండ్రటి బటన్ బ్యాటరీ గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే లోపల కాల్చేస్తుంది, మలంలో వచ్చేస్తుందిలే అని చూడకండి.

ఇక తాతగారి షుగర్ మాత్రలు. వాటిలో కొన్ని ఒక్కటి మింగినా పిల్లలకి షుగర్ బాగా పడిపోతుంది, అదీ వెంటనే కాదు, కొన్ని గంటలు ఆగి కూడా పడిపోవచ్చు. కాబట్టి మాత్ర మింగాడని అనుమానం వస్తే, ఎదురుగా చక్కగా ఆడుకుంటున్నా సరే, ఆ మాత్రల అట్ట చేత్తో పట్టుకుని ఆసుపత్రికి బయల్దేరండి.