లీవర్ రైఫిల్‌కు నచ్చిన తూటా

చిన్నీకి, బుజ్జిగాడికి తాతయ్య ఆశీస్సులు.

మొన్న వీడియో కాల్‌లో మా పక్కింటాయన గరాజ్ చూపిస్తుంటే చిన్నీ అడిగింది కదా: "అమెరికాలో తూటాలు కొట్లోనే దొరుకుతాయిగా తాతయ్యా, మరి ఆయన ఇంట్లో కూర్చుని ఎందుకు చేసుకుంటున్నాడు?" ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే సంగతి కాదది. అందుకే తీరిగ్గా రాస్తున్నాను.

ఆయన దగ్గరున్నది మార్లిన్ 1894 అనే లీవర్ రైఫిల్. ట్రిగ్గర్ చుట్టూ ఉన్న ఇనుప కడియాన్ని కిందికి దించి మళ్లీ పైకి నొక్కితే, పేలిపోయిన ఇత్తడి గుల్ల బయటపడి కొత్త తూటా లోపలికి వెళ్తుంది. అయితే అందులో పట్టేది రైఫిల్ తూటా కాదు, .44 మ్యాగ్నమ్ అనే రివాల్వర్ తూటా. ఈ పద్ధతి పాతదే. 1873లో వించెస్టర్ కంపెనీ .44-40 తూటాతో ఒక లీవర్ రైఫిల్ తెచ్చింది. కొన్నేళ్లకే కోల్ట్ వాళ్లు అదే తూటా పట్టే రివాల్వర్ చేశారు. గుర్రాల మీద రోజుల తరబడి తిరిగేవాళ్లకు నడుముకున్న రివాల్వర్‌కూ, జీనుకు కట్టిన రైఫిల్‌కూ ఒకే రకం తూటాలు సరిపోయేవి.

ఇబ్బంది కూడా అక్కడే ఉంది. తూటా చేసే ఫ్యాక్టరీకి, దాన్ని ఆరంగుళాల రివాల్వర్‌లో పెడతారో ఇరవై అంగుళాల రైఫిల్‌లో పెడతారో ఏం తెలుసు? రెండింట్లోనూ పనిచేసేలా చేస్తుంది. పనిచేస్తుంది కూడా. కానీ అన్ని గుండ్లూ ఒకేచోట తగలాలంటే అది చాలదు.

ఎందుకో తెలియాలంటే బొంగరం గుర్తు తెచ్చుకోండి. రైఫిల్ గొట్టం లోపల నున్నగా ఉండదు, మెలి తిరిగిన గాడులుంటాయి. తూటాలోని తుపాకీ మందు అంటుకోగానే దాని కొనలో ఉన్న సీసపు గుండు ఆ గాడుల్లో ఒరుసుకుంటూ గిర్రున తిరిగి బయటికొస్తుంది. తిరుగుతున్నంతసేపూ బొంగరంలాగే తల తిప్పుకోకుండా ముందుకు పోతుంది.

మా చిన్నప్పుడు మా ఊరి వడ్రంగి బొంగరాలు తరిణె పట్టేవాడు. ఆయన ఉలి ఆనిస్తుంటే ఎదురుగా కూర్చుని తాడు లాగే పని నాకు అప్పగించేవాడు. చెక్క పొట్టు చుట్టలు చుట్టలుగా ఒళ్లో పడేది. చివర్లో లక్క కడ్డీ ఆనిస్తే రాపిడి వేడికి అది కరిగి, బొంగరం నడుము చుట్టూ ఎర్రటి చార సర్రున పాకేది. ఆ వాసన ఇప్పటికీ గుర్తే. పొట్టిగా వెడల్పుగా ఉన్న బొంగరం మెల్లగా వేసినా నిలబడేది. పొడుగ్గా ఉన్నదాన్ని గట్టిగా విసిరితేనే నిలిచేది, లేకపోతే వెంటనే పక్కకు ఒరిగేది.

సీసపు గుండ్లదీ ఇదే లెక్క. మా పక్కింటాయన రైఫిల్ గాడి 38 అంగుళాలకు ఒక్క చుట్టు తిరుగుతుంది. గొట్టం ఇరవై అంగుళాలే కాబట్టి గుండు లోపల దాదాపు సగం చుట్టు తిరిగి బయటపడుతుంది. అయినా సెకనుకు 490 మీటర్ల వేగంతో పోతుంటే సెకనుకు 500 చుట్లు తిరుగుతున్నట్టే! మామూలు 240 గ్రెయిన్ల గుండుకు, అంటే పదిహేనున్నర గ్రాముల దానికి, ఆ తిరుగుడు చాలు. అంతకంటే బాగా పొడుగాటిదైతే చాలకపోవచ్చు. అప్పుడది అడ్డం తిరిగి తగులుతుంది, కాగితం మీద గుండ్రటి చిల్లుకు బదులు కోల చిల్లు పడుతుంది.

తాడు వదులుగా చుడితే బొంగరం తిరగదు కదా. గుండు కూడా గాడులకు బిగువుగా పట్టాలి. .44 మ్యాగ్నమ్‌కు మామూలుగా దొరికే గుండు మందం 0.429 అంగుళం. ఈ మార్లిన్లలో కొన్నింటి గొట్టం గాడుల దగ్గర 0.431 ఉంటుంది. తేడా సన్నటి వెంట్రుకంత! ఆయన మెత్తటి సీసపు ముక్కను గొట్టంలోంచి నెమ్మదిగా తోసి, దాని మీద పడిన అచ్చును మైక్రోమీటర్ అనే సూక్ష్మ కొలత పరికరంతో కొలిచాడు. దానికి తగ్గట్టు కాస్త లావు సీసపు గుండ్లు ఎంచుకున్నాడు.

ఆ తర్వాతది ఓపిక పని. వాడిన ఇత్తడి గుల్లను మళ్లీ సరైన కొలతకు నొక్కడం, కొత్త ప్రైమర్, అంటే దెబ్బ తగలగానే నిప్పు పుట్టి మందును అంటించే చిన్న బిళ్ల, పెట్టడం, మందు తూచి పోయడం, గుండు కూర్చోబెట్టి గుల్ల అంచును గుండు చుట్టూ ఉన్న గాడిలోకి నొక్కడం. ఈ రైఫిల్‌లో తూటాలు గొట్టం కింద ఒకదాని వెనక ఒకటి బారుగా ఉంటాయి. అంచు గట్టిగా నొక్కకపోతే పేలిన కుదుపుకు గుండు వెనక్కి దిగిపోతుంది. కొన సూదిగా ఉంటే ముందు తూటా ప్రైమర్‌ను పొడిచి పేల్చేయగలదు. అందుకే చదునైన ముక్కు ఉన్న గుండ్లే వాడతారు.

ఆయనలో నాకు నచ్చింది ఒకటుంది. ఒకసారికి ఒక్కటే మారుస్తాడు. మందు తూకం మారిస్తే గుండు మార్చడు, గుండు మారిస్తే మందు ముట్టుకోడు. రైఫిల్‌ను ఇసుక సంచి మీద ఆనించి కాల్చి, చిల్లులు ఎంత దగ్గర పడ్డాయో కొలిచి పుస్తకంలో రాసుకుంటాడు. మీరు లెక్క తప్పినప్పుడు పేజీ మొత్తం చెరిపేస్తారే, అలా చేయకుండా ఒక్కో మెట్టూ చూసుకోండి. మందు ఎంత పోయాలో కూడా ఆయన సొంతంగా ఊహించడు. మందు కంపెనీలు అచ్చువేసిన పట్టికలో అతి తక్కువ తూకంతో మొదలుపెట్టి కొద్దికొద్దిగా పెంచుతాడు. పై హద్దు దాటడు, దాటితే తుపాకీ చేతిలోనే పగలొచ్చు. అంకెలు మీకు రాయను, మీకు అక్కర్లేదు. మన దేశంలో లైసెన్సు లేకుండా తూటా చేయడం నేరం కూడాను.

మన హైదరాబాదులో పెరిగిన గగన్ నారంగ్ 2012 లండన్ ఒలింపిక్స్‌లో ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చాడు. ఆ పోటీల్లో మందే ఉండదు, గాలితో చిన్న సీసపు పెల్లెట్ కొడతారు. అక్కడా షూటర్లు రైఫిల్‌ను బిగించి రకరకాల పెల్లెట్లు కొట్టి చూసి, తమ గొట్టానికి నప్పినవే పోటీకి తీసుకెళ్తారు. ఒకే ఫ్యాక్టరీలో పక్కపక్కనే తయారైన రెండు గొట్టాలకు రెండు వేర్వేరు పెల్లెట్లు నప్పుతాయంటే నాకు ఇప్పటికీ అబ్బురమే.

సెలవుల్లో అమ్మను అడిగి సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్లండి. అక్కడ ఆయుధాల గది ఉంది. పాత తుపాకుల నగిషీలు చూస్తూ ఉండిపోకుండా, వీలైన చోట గొట్టాల మూతి వైపు నిలబడి లోపలికి చూడండి. నున్నగా ఉన్నవేవో, గాడులున్నవేవో రాసుకుని నాకు పంపండి.

మీ తాతయ్య