వెన్నుపూసలో బ్యాక్టీరియా: మందు కన్నా ముందు ముక్క పరీక్ష

మామూలు నడుం నొప్పి పడుకుంటే కొంత సర్దుకుంటుంది. వెన్నుపూసకు ఇన్ఫెక్షన్ సోకితే వచ్చే నొప్పి పడుకున్నా వదలదు, రాత్రిళ్లు మరీ సలుపుతుంది. దాదాపు సగం మందికి జ్వరమే ఉండదు. తెల్లకణాల లెక్క కూడా మామూలుగా ఉండొచ్చు. ఎక్స్‌రేలో మార్పు కనబడాలంటే 2 నుంచి 4 వారాలు పడుతుంది. అందుకే ఇలాంటి నొప్పితో పాటు ఒంట్లో వాపును చూపే రక్తపరీక్షలు ఈఎస్‌ఆర్, సీఆర్‌పీ పెరిగి ఉంటే ఎక్స్‌రేతో సరిపెట్టుకోకుండా ఎంఆర్‌ఐ తీయించాలి. పక్కపక్క పూసలు రెండూ, మధ్యనున్న డిస్కూ కలిసి పాడైతే ఇన్ఫెక్షన్‌నే ముందు అనుమానిస్తారు. క్యాన్సర్ సాధారణంగా డిస్క్‌ జోలికి పోదు.

ఈ ఇన్ఫెక్షన్‌లో ఎక్కువగా దొరికే బ్యాక్టీరియా స్టాఫిలోకాకస్ ఆరియస్. చిక్కంతా అరుదైనవాటితోనే. పచ్చిపాల ద్వారానో పశువుల నుంచో వచ్చే బ్రుసెల్లా నెమ్మదిగా పెరుగుతుంది, పైగా ల్యాబ్ సిబ్బందికే అంటుకోగలదు. అనుమానం ఉంటే ల్యాబ్‌కు ముందే చెప్పి తీరాలి. వెన్ను ఆపరేషన్ల తర్వాత కనిపించే క్యూటిబ్యాక్టీరియం ఆక్నెస్ కోసం కల్చర్‌ను (నమూనాలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్ష) 10 నుంచి 14 రోజులు ఉంచాలి. ఐదో రోజున బయట పారేస్తే రిపోర్టు ‘ఏమీ పెరగలేదు’ అనే వస్తుంది. తడి నేలలో బతికే బర్ఖోల్డేరియా సూడోమల్లై మధుమేహం ఉన్నవారికి ఎక్కువగా సోకుతుంది. దాన్ని సూడోమోనాస్ అనే మరో బ్యాక్టీరియా అనుకుని పక్కన పెట్టేయడం ల్యాబుల్లో జరిగే పొరపాటే.

అసలు నష్టం తొందరపడి యాంటీబయాటిక్ మొదలుపెట్టడంతో వస్తుంది. నాలుగు మోతాదులు పడ్డాక కల్చర్‌లో ఏదీ పెరగకపోవచ్చు. రోగి నిలకడగా ఉంటే, కాళ్లలో బలం తగ్గకపోతే, మందు ఆపి ముందు కనీసం రెండు సెట్ల రక్త కల్చర్లు పంపాలి. వాటిలో తేలకపోతే సీటీ స్కాన్‌లో చూస్తూ పాడైన చోటు నుంచి సూదితో ముక్క తీస్తారు (బయాప్సీ). ఆ ముక్కను కల్చర్‌తో పాటు క్షయ, ఫంగస్ పరీక్షలకూ, మైక్రోస్కోపు కింద కణజాలాన్ని చూసే పాథాలజీకీ పంపాలి.

క్రిమి పేరు తెలిస్తేనే చికిత్స ఎన్నాళ్లో తేలుతుంది. స్టాఫిలోకాకస్‌కు సాధారణంగా 6 వారాలు. బ్రుసెల్లాకు కనీసం 3 నెలలు: డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు, దానికి తోడు రిఫాంపిసిన్ గానీ, మొదటి 2-3 వారాలు స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్ గానీ. రిఫాంపిసిన్ రక్తంలో డాక్సీసైక్లిన్ స్థాయిని తగ్గిస్తుంది కాబట్టి ఇంజెక్షన్ జోడీయే మేలనే వైద్యులు చాలామంది. ఐరన్, యాంటాసిడ్ మాత్రలు డాక్సీసైక్లిన్‌తో కలిపి వేసుకుంటే అది ఒంటికి పట్టదు. బర్ఖోల్డేరియా ఎముకకు పడితే సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెం సిరలోకి కనీసం 6 వారాలు, ఆ తర్వాత కోట్రైమోక్సజోల్ మాత్రలు నెలల తరబడి.

కోలుకుంటున్నా ఎంఆర్‌ఐ చాలా రోజులు భయంకరంగానే కనిపిస్తుంది. నొప్పి, సీఆర్‌పీ తగ్గుతుంటే దాన్ని చూసి మందులు మార్చనక్కర్లేదు. కానీ కాళ్లు పట్టు తప్పినా, మూత్రం ఆగిపోయినా, మర్మాంగాల చుట్టూ స్పర్శ పోయినా వెన్నుపాము పక్కన చీము చేరిందేమోనని గంటల్లోనే స్కాన్ తీసి, అవసరమైతే ఆపరేషన్ చేయాలి.